ఉప్పుగాలిలో డ్రిల్లు బిట్టు

వనామి రొయ్యల చెరువులో రాత్రిపూట ఏరేటర్ ఆగితే జరిగిన నష్టం తెల్లారాక గాని కంటికి కనబడదు. పగలు నీటిలోని నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్ విడుస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలంటే ఏరేటర్ చక్రాలు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి. 2009లో వనామి పెంపకానికి అనుమతి వచ్చాక నెల్లూరు తీరంలో చెరువుల లెక్క మారిపోయింది. టైగర్ రొయ్యకన్నా ఒత్తుగా పెంచగల రకం ఇది. ఒత్తుగా పెంచితే గాలి ఎక్కువ కావాలి, గాలి ఎక్కువ కావాలంటే ఏరేటర్లు ఎక్కువ కావాలి. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, కోట మండలాల్లో చెరువు గట్ల వెంట పోతే ఎక్కడ చూసినా తెల్లటి నురగ చిమ్ముతూ అవే.

ఏరేటర్‌లో మోటారు, గేర్‌బాక్స్, తేలడానికి ప్లాస్టిక్ ఫ్లోట్లు, తిరగడానికి ప్లాస్టిక్ చక్రాలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి పట్టుకునే షాఫ్టు, ఫ్రేము, బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు ఇనుమైతే ఉప్పునీటిలో ఒక పంట కాలం కూడా దక్కదు. స్టెయిన్‌లెస్‌కు తుప్పు బెడద తక్కువే గాని వేరే జబ్బు ఉంది. బోల్టూ నట్టూ రెండూ స్టెయిన్‌లెస్ అయితే బిగించేటప్పుడు మరలు ఒకదాన్నొకటి రాసుకుని పట్టేస్తాయి. బలవంతంగా తిప్పితే బోల్టు తల ఊడి చేతికొస్తుంది, కాండం లోపలే ఉండిపోతుంది. ఇక దాన్ని డ్రిల్లు వేసి తియ్యడమే దారి. అప్పుడు ఊళ్లోని వెల్డింగ్ షాపులో వినబడే మాట ఒకటే: "బిట్టు కొత్తదే అన్నా, ఒక్క బొక్కకే మొన నల్లబడిపొయ్యింది."

ఈ తీరానికి డ్రిల్లుతో అవసరం మరీ పాతది కాదు. కట్టుమరం దుంగలను తాళ్లతో కట్టేవారు, అందులో బోల్టుల పని లేదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఫైబర్ పడవలు విరివిగా వచ్చాయి. వాటికి ఇంజను బిగించే బ్రాకెట్లు, ఆ బ్రాకెట్లకు బోల్టులు, ఆ బోల్టులకు బెజ్జాలు కావలసి వచ్చాయి. చెరువుల్లో ఏరేటర్లు, ఐసు ఫ్యాక్టరీల్లో పైపులు, హేచరీల్లో పంపులు కూడా తోడయ్యాయి. ఉప్పు ఇనుమును తింటుందని జనం స్టెయిన్‌లెస్‌కు మారారు. సంచిలో బిట్లు మాత్రం చాలామందికి పాత ఇనుము రోజుల నాటివే ఉండిపోయాయి.

బిట్టును చేతిలో పట్టుకుని మొన వైపు నుంచి నేరుగా చూడండి. రెండు అంచులు కనబడతాయి. లోహాన్ని కోసేది ఆ రెండే. పక్కలకు మెలి తిరిగి పైకి పోయే గాళ్లు కోసిన చిప్స్‌ను బయటికి మోస్తాయి, కూలెంట్‌ను లోపలికి పోనిస్తాయి. రెండు అంచుల నడుమ, సరిగ్గా కేంద్రంలో, ఏటవాలుగా చిన్న గీత ఉంటుంది. ఫిట్టర్లు దాన్ని చిజిల్ ఎడ్జ్ అంటారు. అది కొయ్యదు, లోహాన్ని నలిపి పక్కకు నెట్టేస్తుంది. మనం మెషీను మీద వేసే బరువులో దాదాపు సగం ఈ నలుపుడికే ఖర్చవుతుంది. సెంటర్ పంచ్ కొట్టకుండా డ్రిల్లు పెడితే బిట్టు రేకు మీద జారి పరిగెత్తేది కూడా దీనివల్లే.

ఈ మెలి రూపానికి 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు కమ్మరి సాగగొట్టి ఇచ్చిన చదును బిట్లే దిక్కు. లోతు పెరిగేకొద్దీ చిప్స్ బయటికి రాక అవి ఇరుక్కుపోయేవి. మోర్స్ తర్వాత ఆకారంలో పెద్ద మార్పేమీ రాలేదు. మారినదల్లా ఉక్కు. నాసి బిట్టుకూ మంచి బిట్టుకూ తేడా కంటికి ఆనకపోవడానికి కారణం ఇదే. రెండూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

స్టెయిన్‌లెస్ మీద ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఏరేటర్ షాఫ్టుల్లోనూ బోల్టుల్లోనూ ఎక్కువగా వాడే రకం 304. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఈ లోహాన్ని వంచినా సాగదీసినా నలిపినా ఆ చోట గట్టిపడుతుంది. లోపలి స్ఫటికాల అమరికే కొంత మారిపోతుంది. ఒక అయస్కాంతం దొరికితే పరీక్షించండి: 304 రేకుకు అది దాదాపు అంటుకోదు. అదే రేకును డ్రిల్లు చేసినప్పుడు రాలిన చిప్స్ దగ్గర పెడితే చాలాసార్లు అవి లేచి అతుక్కుంటాయి. కోత తాకిడికి వాటి స్వభావం మారిందన్నమాట. కోత పడకుండా బిట్టు ఒకే చోట రుద్దుకుంటూ ఉంటే బెజ్జం అడుగున కూడా ఇదే జరుగుతుంది. మొదటి నాలుగు చుట్లలో దిగని బిట్టు నలభయ్యో చుట్టులో అసలు దిగదు, ఎందుకంటే అప్పటికి కింద ఉన్నది మొదట ఉన్నంత మెత్తని లోహం కాదు.

రెండో చిక్కు వేడి. స్టెయిన్‌లెస్ మామూలు ఇనుముతో పోలిస్తే మూడో వంతు వేగంతోనే వేడిని పోనిస్తుంది. కోతలో పుట్టిన వేడి పనిముక్కలోకి పాకకుండా బిట్టు అంచు దగ్గరే గుమిగూడుతుంది. మన మెకానిక్కులు తెలియక ఈ వేడిని ఇంకా పెంచుతారు. చిన్న చేతి డ్రిల్లు మెషీన్లు చాలావరకు నిమిషానికి 2,500 చుట్లకు పైనే తిరుగుతాయి. 6 మిల్లీమీటర్ల బిట్టును ఆ వేగంతో తిప్పితే దాని బయటి అంచు నిమిషానికి 47 మీటర్ల దూరం లోహం మీద పరిగెడుతుంది. 304 మీద హైస్పీడ్ స్టీలు బిట్టు తట్టుకునేది సుమారు 12 మీటర్లు. అంటే చుట్లు 640కి దించాలి. 10 మిల్లీమీటర్ల బిట్టయితే 380 చాలు. లెక్క పెద్దదేమీ కాదు: మీటర్లలో వేగాన్ని వెయ్యితో గుణించి, బిట్టు వ్యాసాన్ని 3.14తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. ట్రిగ్గర్ సగం నొక్కి, ఒళ్లు బరువంతా వేసి, నెమ్మదిగా కొయ్యాలి. కటింగ్ ఆయిల్ చుక్క చుక్కగా పోస్తూ ఉండాలి. మన అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు: ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి, మెషీనును మాత్రం తేలిగ్గా పట్టుకుంటాం.

అంచు వేడెక్కితే ఏమవుతుందన్నది పూర్తిగా ఉక్కు చేతిలో ఉంది. మామూలు కార్బన్ స్టీలుకు గట్టిదనం రావాలంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ గట్టిదనం 200 డిగ్రీల సెల్సియస్ దాటితే కరగడం మొదలుపెడుతుంది. అంచు మీద గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం వరసగా కనబడతాయి. నీలం తేలిందంటే ఆ మొన మెత్తబడిపోయినట్టే. 1868లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ ముషెట్ ఉక్కులో టంగ్‌స్టన్ కలిపి కొంత దారి చూపాడు. అసలు మలుపు అమెరికాలోని బెత్లెహెం స్టీల్ కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ చేసిన ప్రయోగాలతో వచ్చింది. అటువంటి ఉక్కును అప్పటిదాకా ఎవరూ సాహసించనంత, దాదాపు కరిగే స్థితికి దగ్గరయ్యేంత వేడికి తీసుకుపోతే దాని గుణమే మారిపోతుందని వాళ్లు కనుక్కున్నారు. 1900 పారిస్ ప్రదర్శనలో వాళ్ల లేత్ పనిముట్టు మొన ఎర్రగా కాగుతూనే ఇనుమును కోస్తూ పోయింది. చూడవచ్చిన ఇంజనీర్లు నోరెళ్లబెట్టారు. హైస్పీడ్ స్టీలు అదే. బిట్ల మీద ఉండే హెచ్‌.ఎస్‌.ఎస్‌. అక్షరాలు దాని పేరే.

ఆ ఉక్కులో టంగ్‌స్టన్, మాలిబ్డినం, వెనేడియం కార్బన్‌తో కలిసి అతి సన్నని గట్టి రేణువులుగా ఏర్పడతాయి. వేడికి మిగతా ఉక్కు సడలబోయినా ఇవి దాన్ని పట్టి ఉంచుతాయి. కాబట్టి దాదాపు 600 డిగ్రీల వరకూ అంచు నిలుస్తుంది. మొదట్లో 18 శాతం టంగ్‌స్టన్ ఉన్న రకం రాజ్యమేలింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో టంగ్‌స్టన్‌కు కరువు రావడంతో అమెరికా మాలిబ్డినం వైపు మళ్లింది. ఇవాళ మంచి బిట్లలో ఎక్కువగా కనబడే ఎం-2 ఆ కోవలోది: టంగ్‌స్టన్ సుమారు 6, మాలిబ్డినం 5, క్రోమియం 4, వెనేడియం 2 శాతం. దీనికి 5 శాతం కోబాల్ట్ చేర్చితే ఎం-35. ఎం-42లో కోబాల్ట్ 8 శాతం, మిగతా లోహాల పాళ్లు మాత్రం వేరు. స్టెయిన్‌లెస్ పని రోజూ ఉండే షాపుకు కోబాల్ట్ బిట్టే గిట్టుబాటు. అయితే అది పెళుసు. చేతి మెషీను పక్కకు వాలితే చటుక్కున విరుగుతుంది.

మరి నాసి బిట్టులో ఏముంటుంది? కొన్నిట్లో అచ్చమైన కార్బన్ స్టీలే, పైన నల్ల రంగు, దాని మీద హెచ్‌.ఎస్‌.ఎస్‌. ముద్ర. ఇంకొన్నిట్లో హైస్పీడ్ స్టీలే గాని టంగ్‌స్టన్, మాలిబ్డినం కోసేసిన చౌక రకం. చైనా గుర్తుల్లో 4341 అన్నది అలాంటిది, ఎం-2కు సమానమైనది 6542. ఇంకొన్నిట్లో ఉక్కు మంచిదే, కాల్చి చల్లార్చడంలో శ్రద్ధ పెట్టలేదు. బంగారు రంగు చూసి కూడా మోసపోవద్దు. అసలైన టైటానియం నైట్రైడ్ పూత కొద్ది మైక్రాన్ల మందమే ఉన్నా చాలా గట్టిది, రాపిడిని తగ్గిస్తుంది. మెత్తని ఉక్కు మీద వేస్తే మాత్రం కింద ఆధారం లేక పగిలిపోతుంది. పైగా చౌక బిట్ల మీద ఉన్నది ఆ పూతేనా, ఉత్త రంగేనా అన్నది అమ్మేవాడికి కూడా తెలియదు.

షాపులోనే చేయగల పరీక్ష నిప్పురవ్వలది. కళ్లద్దాలు పెట్టుకోండి. గ్రైండర్ దగ్గర కాస్త చీకటి చేసి, అనుమానం ఉన్న బిట్టు తోకను రాయికి ఒక్క క్షణం ఆనించి చూడండి. తోకను ఆనించడంలో ఒక చిక్కుంది: పెద్ద బిట్లలో తోకను వేరే మామూలు ఉక్కుతో చేసి అతికించడం ఉంది. కాబట్టి వీలైతే గాళ్లు ఉన్న భాగాన్నే, ఎలాగూ సాన పెట్టవలసిన మొన దగ్గరే చూడటం మేలు. కార్బన్ స్టీలైతే రవ్వలు పొడుగ్గా, పసుపు కలిసిన తెలుపుతో వస్తాయి. దారిలో చిటపటమంటూ కొమ్మలు కొమ్మలుగా చీలి నక్షత్రాలవుతాయి. హైస్పీడ్ స్టీలైతే రవ్వలు పొట్టిగా, మసకగా, ఎరుపు కలిసిన నారింజ రంగుతో, పల్చగా రాలతాయి. పేలేవి చాలా తక్కువ. అలవాటు లేనివాళ్లు నమ్మకమైన పాత బిట్టు ముక్కను పక్కన పెట్టుకుని, ఒకటి తర్వాత ఒకటి ఆనించి పోల్చుకుంటే ఒక్కసారికే తేడా పట్టుబడుతుంది. ఈ పరీక్ష కార్బన్ స్టీలును పట్టిస్తుంది గాని కాల్చడంలో లోపాన్ని పట్టించలేదు. దానికి 304 తుక్కు ముక్క మీద, తక్కువ వేగంతో, నూనె పోస్తూ ఒక బెజ్జం వేసి, భూతద్దంలో బయటి మూలలు చూడాలి. గుండ్రంగా అరిగినా నలిగినా ఆ డబ్బా మొత్తం వెనక్కి ఇచ్చెయ్యండి.

అడిసన్, మిరాండా, టోటెం లాంటి పేర్లు మన ఫిట్టర్లకు తరతరాలుగా తెలుసు. అడిసన్ అయితే పొరుగునే ఉన్న చెన్నై కంపెనీ. సెట్లు సెట్లుగా ప్లాస్టిక్ పెట్టెల్లో వచ్చే పాతిక బిట్ల కన్నా, రోజూ పనిపడే నాలుగు సైజులను విడిగా మంచివి కొనుక్కోవడం నయమని నా అభిప్రాయం. ఆ పాతికలో వాడేవి ఎలాగూ అయిదారే. ఆకారంలో లోపం ఉంటే సాన పెట్టి సరిచేసుకోవచ్చు. కొత్త చౌక బిట్లలో ఒక అంచు పొడుగు, ఒకటి పొట్టి ఉండటం మామూలే, అది పది నిమిషాల పని. ఉక్కులో లోపాన్ని మాత్రం ఏ సానా సరిచెయ్యలేదు. ఎంత పదును పెట్టినా స్టెయిన్‌లెస్ లోపల రెండు చుట్లు తిరిగేలోగా ఆ పదును కరిగిపోతుంది. విరిగి బోల్టులో ఇరుక్కుంటే పోయేది బిట్టు ఖరీదు కాదు, గేర్‌బాక్స్ గూడు, రాత్రి కరెంటు ఉన్నంతసేపూ తిరగవలసిన చక్రాలు.

ఇక సాన. ఐ.టి.ఐ. ఫిట్టర్ ట్రేడులో ఇప్పటికీ దీన్ని చేతితోనే నేర్పిస్తారు. చూడ్డానికి మణికట్టు విద్యలా ఉంటుంది గాని లోపల ఉన్నది జ్యామితే. మామూలు పనికి మొన కోణం 118 డిగ్రీలు, అంటే మధ్యగీతకు అటూ ఇటూ 59. స్టెయిన్‌లెస్‌కు 135 మేలు. మొన చదునుగా ఉంటే బిట్టు పక్కకు జారడం తక్కువ, చిప్ మందంగా తెగుతుంది. రెండో కొలత క్లియరెన్స్. అంచుకు వెనక ఉన్న భాగం అంచుకన్నా 8 నుంచి 12 డిగ్రీలు దిగి ఉండాలి. వడ్రంగి ఉలి వెన్ను చెక్కకు ఆనితే అంచు దిగనట్టే, ఇక్కడ ఆ వెనక భాగం, అంటే మడమ, ఆనితే బిట్టు రుద్దుకుంటుందే గాని కొయ్యదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పెట్టిన సాన విఫలమయ్యేది ఎక్కువగా ఈ ఒక్కచోటే. మొన తళతళలాడుతూ ఉంటుంది, అద్దంలోలా ముఖం కనబడుతుంది, బిట్టు మాత్రం దిగదు.

పద్ధతి ఇది. బిట్టును మొనకు దగ్గరగా ఎడమ చేతి చూపుడు వేలి మీద ఆనించి, ఆ వేలిని టూల్‌రెస్టు మీద ఉంచండి. కుడి చేత్తో తోక పట్టుకోండి. మామూలు మొనకైతే రాతి ముఖానికి బిట్టు 59 డిగ్రీల వాలులో ఉండాలి, కొయ్యవలసిన అంచు నేలకు సమాంతరంగా ఉండాలి. ముందు అంచును రాయికి తాకించాలి. తాకిన మరుక్షణం తోకను నెమ్మదిగా కిందికి దించాలి, మొన ఆ వేలి మీదే ఇరుసులా నిలవాలి. తోక దిగేకొద్దీ రాయి అంచు నుంచి మడమ వైపు జరుగుతూ వెనక భాగాన్ని కొంచెం కొంచెంగా ఎక్కువ తినేస్తుంది, క్లియరెన్స్ దానంతటదే వస్తుంది. దించేటప్పుడు బిట్టును వేళ్ల మధ్య ఎక్కువ తిప్పేస్తే రెండో అంచు రాయికి తగిలి పాడవుతుంది. ఒక పక్క ఒక్కసారి, వెంటనే సగం చుట్టు తిప్పి రెండో పక్క ఒక్కసారి. ఒకే పక్క నాలుగుసార్లు రుద్ది తర్వాత రెండోది చూద్దామనుకుంటే రెండూ ఎన్నటికీ సమానం కావు.

అంచులు సమానం కాకపోతే బాధేమిటంటే, ఒకటి పొడుగైతే మొన కేంద్రం పక్కకు పోతుంది. 6 మిల్లీమీటర్ల బిట్టు అంతకన్నా పెద్ద బెజ్జం వేస్తుంది, బోల్టు అందులో వదులుగా ఆడుతుంది. కోణాలు వేరైతే ఒక అంచే పనంతా చేస్తుంది, అది రెట్టింపు తొందరగా అరుగుతుంది. కొలవడానికి డ్రిల్ గేజ్ ఉంటే మంచిదే. లేకపోయినా చిప్స్ చెబుతాయి. రెండు గాళ్లలోంచీ ఒకే మందాన రెండు చుట్టలు విడిపోకుండా పైకి లేస్తే సాన కుదిరినట్టు. ఒకవైపు చుట్ట, రెండోవైపు పొడి రాలుతుంటే మళ్లీ గ్రైండర్ దగ్గరికి నడవాలి. మొన వైపు నుంచి చూసినప్పుడు చిజిల్ ఎడ్జ్ గీత కోసే అంచులకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. ఆ గీత అంచులతో నిలువు గీతలా తొంభైకి దగ్గరగా నిలబడితే క్లియరెన్స్ చాలలేదని అర్థం.

గ్రైండర్ పక్కన నీళ్ల డబ్బా ఉండటం మన షాపుల్లో మామూలు. కార్బన్ స్టీలు ఉలికి అది తప్పదు. రంగు తేలకముందే ముంచాలి. హైస్పీడ్ స్టీలు విషయం వేరు. దానికి వేడి వల్ల వచ్చే ప్రమాదం తక్కువ, అయితే బాగా కాగిన మొనను ఒక్కసారిగా చన్నీళ్లలో ముంచితే కంటికి ఆనని సన్నటి పగుళ్లు వస్తాయి. తర్వాత బెజ్జం మధ్యలో మూల పెచ్చు ఊడిపోతే ఉక్కునే తిడతాం. తేలిగ్గా ఆనించి, చేతికి వేడి తగలగానే తీసి, గాలికి ఆరనివ్వడం మంచిది. రాయి మెరిసిపోతూ ఉంటే అది కొయ్యడం మానేసి వేడి మాత్రమే పుట్టిస్తున్నట్టు. డ్రెస్సర్‌తో దాని ముఖం గీకాలి. బూడిద రంగు, తెలుపు అల్యూమినియం ఆక్సైడ్ రాళ్లు ఉక్కుకు. ఆకుపచ్చ రాయి కార్బైడ్ మొనలకు.

ఫైబర్ పడవల మీద పనిచేసే బిట్ల అరుగుదల ఇంకో రకం. అక్కడ వేడి కన్నా గాజు పోగుల రాపిడి ఎక్కువ, మొన నల్లబడదు, బయటి మూలలు మాత్రం మెల్లగా గుండ్రమవుతాయి. ఇలాంటి బిట్టును పైపైన సాన పెడితే లాభం లేదు. మూల అరిగినంత లోతు వరకూ, అవసరమైతే ఒకటి రెండు మిల్లీమీటర్లు, పూర్తిగా వెనక్కి రావాలి. లేకపోతే మూల దగ్గర వ్యాసం తగ్గిపోయి, వెనక ఉన్న లావు భాగం బెజ్జంలో బిగుసుకుంటుంది. రోజూ ఈ పనే ఉన్నవాళ్లు కార్బైడ్ మొన బిట్టు కొనుక్కుంటే సాన బెడద తగ్గుతుంది.

సాన పెట్టేకొద్దీ బిట్టు పొట్టిదవుతుంది. రెండు గాళ్ల మధ్య ఉండే నడుము మొన దగ్గర సన్నగా, తోక వైపు పోయేకొద్దీ లావుగా ఉంటుంది. అంటే సగం అరిగిన బిట్టుకు చిజిల్ ఎడ్జ్ పొడుగవుతుంది, నొక్కుడు బలం పెరుగుతుంది. పాత బిట్టు ఎందుకు మొండికేస్తుందో తెలియక చాలామంది ఈ దశలో పారేస్తారు. రాయి మూలతో ఆ నడుమును రెండు పక్కల నుంచీ కొంచెం తొలిచి గీతను మళ్లీ చిన్నది చేస్తే, పొట్టి బిట్టు కొత్తదానికన్నా బాగా దిగుతుంది, ఎందుకంటే పొట్టిది వంగదు. స్టెయిన్‌లెస్ బోల్టు తొలవడానికి షాపులో అన్నిటికన్నా ముందు చెయ్యి పోవలసింది అలాంటి బిట్టు మీదికే. సాన పెట్టినప్పుడు వెనక ముఖాల మీది బంగారు పూత పోయినా గాళ్ల లోపలిది మిగిలే ఉంటుంది, చిప్ జారేది దాని మీదే గనక కొంత ప్రయోజనం దక్కుతుంది.

ఇంత పదునూ ఒక్కచోట మాత్రం పనికిరాదు. పడవ ప్రొపెల్లర్లూ బుష్‌లూ కంచు, ఇత్తడి, గన్‌మెటల్‌తో చేసినవి. ఆ లోహంలో పదునైన అంచు మరమేకులా లోపలికి లాక్కుపోతుంది. ఒక్కసారిగా బిగుసుకుని మెషీను చేతిలో తిరగబడుతుంది, మణికట్టు బెణుకుతుంది, బుష్ పగులుతుంది. అనుభవం ఉన్న ఫిట్టరు సాన పెట్టాక అంచు ముందు భాగాన్ని నూనె రాయితో రెండు మూడుసార్లు రుద్ది, నిలువుగా సన్నటి చదును తీస్తాడు. అప్పుడు అంచు గీకుతుందే గాని లాగదు, చిప్స్ చుట్టలుగా కాకుండా ఇసుకలా రాలతాయి. అలా చదును తీసిన బిట్లను వేరే డబ్బాలో పెట్టి, మూత మీద ఇత్తడి అని రాసుకోవాలి. ఆ డబ్బాలోది పొరపాటున 304 మీదికి వస్తే మొదటి చుట్టులోనే రుద్దుకోవడం మొదలవుతుంది.